రంగుకుండయు అల్లికసూదులును



గడచిన మాసమున మాకందిన యుత్తరములలో నొకటి మమ్ములను కొంత ఆలోచింపజేసినది. వ్రాసినది ఒక తల్లి. ఆమె కుమార్తెకు ఇరువదియొక్క యేండ్లు. చదువు ముగిసినది. ఉద్యోగము దొరకువఱకు ప్రొద్దుపోవుటకై ఊలు అల్లిక నేర్చుకొమ్మని తల్లియే సూదులు కొనియిచ్చినదట. ఇప్పుడా పిల్ల పగలెల్ల అల్లుచు, రాత్రులు గిన్నెలలో దారమునకు రంగులు వేయుచు, పిలిచినను పలుకకయున్నదట. “దీనిని మాన్పించు ఉపాయమేదైన సెలవిండు” అని యామె కోరినది.

ఆ యుత్తరము చదువుచు మేము నవ్వుకొంటిమి. మా యింటనే అట్టి పిల్ల యొకతె కలదు. మా చెల్లెలి కుమార్తె విశాఖపట్టణమున నున్నది, వయస్సు ఇరువదిమూడు, సాయంకాలములు పిల్లలకు పాఠములు చెప్పును, తక్కిన ప్రొద్దంతయు ఊలుతోనే. మొన్నటి శీతకాలమున మేమా యింట రెండు మాసములుంటిమి. మాన్పించు ఉపాయము మాకు తెలియదు గాని, మేము చూచినది వ్రాసెదము.

తెల్లవాఱుజామున అయిదు గంటలకే ఆ పిల్ల లేచును. తల్లికి వంటయింటితో పని పడకమునుపే వెనుక వరండాలో విద్యుత్తు పొయ్యిపై తన గిన్నె నెక్కించును. ముందటి రాత్రి నానవేసిన చిలపలను మెల్లగా పిండి, రంగునీటిలోనికి దించి, వెదురుపుల్లతో నొక్కమాఱు త్రిప్పి, గడియారము చూచి కాలము వ్రాసికొనును. పిమ్మట ఆఱు గంటలకు కాఫీ త్రాగుచు, నిన్నటి అల్లికలో నాలుగు వరుసలు. బస్సులో కూర్చుండుటకు చోటు దొరికిన మఱి యెనిమిది వరుసలు. “ప్రక్కవారికి సూది గ్రుచ్చుకొనదా?” అని మేమడిగితిమి. “మొన లేని సూదులు, పెద్దమ్మా! మీ నోటిమాటకన్న మెత్తన” అని సమాధానము.

విశాఖపట్టణమున ఊలు బట్ట యెవరికి కావలెనని చాలమంది అడుగుదురు. అరకులోయకును లంబసింగికిని పోయిన వారు అడుగరు. అదియుగాక మన బిడ్డలు ఢిల్లీలోనో, అంతకన్న చలి గల దేశములందో కాపురములు చేయుచున్నారు. వారికి పచ్చళ్లు పంపుచున్నాము గదా, స్వెట్టరు పంపుట వింత యేమి? కాని కోస్తాతీరమున నొక చిక్కున్నది. సముద్రపుగాలి తేమవలన తడిసిన చిలప రెండు మూడు దినములైనను ఆఱదు. ఆఱి పెట్టెలోనికి పోయినదా, పురుగు పట్టును. అందుచే ఆ యింట ఏ అఱ తెఱచినను ఎండిన వేపాకు రాలుచుండును.

మొదట రంగువేయ ప్రయత్నించినప్పుడు ఆ పిల్ల బజారులో “ఊలు” అని యమ్ము దారమును తెచ్చి, ఉల్లిపొట్టు నీటిలో రెండు గంటలు కాచినదట. ఎంత కాచినను దారము తెల్లగనే యుండెను. అది ఊలు కాదు. యంత్రశాలలో రసాయనములతో పుట్టిన అక్రిలిక్ దారము. దానికి చెట్లరంగు పట్టదు. మన యూళ్లలో ఊలు పేర చౌకగా అమ్మునది చాలవఱకు ఇదియే. పరీక్ష సులభము. చిన్న పోగు నొకదానిని పట్టకారుతో పట్టుకొని దీపపుమంట నంటింపుడు. నిజమైన ఊలు వెండ్రుక కాలిన కంపు కొట్టి, వ్రేళ్ల నడుమ నలిగిపోవు బూడిద యగును. అక్రిలిక్ కరగి గట్టి నల్లపూసవలె నిలుచును. నీటిగిన్నెను దగ్గఱ నుంచుకొనియే యీ పరీక్ష చేయుడు.

నిజమైన ఊలు దొరకిన పిదపను తిప్పలు తీఱలేదు. ఊలు పోగుపై కంటికి కానరాని పొలుసులుండును. వేడినీటిలో నున్న చిలపను తటాలున చన్నీటిలో ముంచినను, వేడిలో నలిపినను ఆ పొలుసులు ఒండొంటిని పట్టుకొని, దారమంతయు కంబళివలె దట్టమై ముద్దయగును. ఆ ముద్దను విప్పుట బ్రహ్మదేవునికిని తరము కాదు. ఆ పిల్ల తొలి చిలప యిప్పుడు టేబిలుపై వేడిగిన్నెల క్రింద పీటగా నున్నది. అందుచే వేడిని మెల్లగా పెంచవలెను, గిన్నెలోనే చల్లాఱనీయవలెను, తొందరపడి కలుపరాదు.

రంగు నిలుచుటకు పటిక ముఖ్యము. నూఱు గ్రాముల ఊలునకు పండ్రెండు గ్రాముల పటికను వేడినీటిలో కరగించి, అందులో తడిపిన చిలపను వేసి, తెర్లకుండ సన్నని సెగపై గంటసేపుంచవలెను. పిమ్మటనే రంగునీరు. సంక్రాంతికి గుమ్మములకు కట్టిన బంతిదండలు వాడినప్పుడు ఆ పిల్ల వీథివీథియు తిరిగి వానిని సేకరించును. ఎండిన రేకులు ఊలుతో సరితూకమున్నచో పొద్దుతిరుగుడు పూవువంటి పసుపు వచ్చును. దానిమ్మపండు తొక్కలు వేఱొక పసుపు నిచ్చును. అందులో చిటికెడు అన్నభేది కలిపిన పాచిరంగునకు తిరుగును. ఇరుగుపొరుగువారు తొలుత పిచ్చి పట్టినదనుకొనిరి. ఇప్పుడు తొక్కలు సంచులలో తెచ్చి గుమ్మమున పెట్టి పోవుచున్నారు.

ఈ రంగులకై మా చెల్లెలి చారుగిన్నె నొకదానిని ఆ పిల్ల చెప్పక తీసికొన్న దినమున ఆ యింట జరిగిన రభస వ్రాయబూనితిమా, ఈ పుటలు చాలవు. తప్పు పిల్లదే. అన్నభేదియు మైలుతుత్తమును కడుపులోనికి పోదగినవి కావు; మైలుతుత్తము విషము. రంగువేసిన గిన్నెలో ఎంత తోమినను మరల వంట చేయరాదు. గిన్నె, గరిటె, వడగట్టు బట్ట, త్రాసు అన్నియు వేఱుగనే యుండవలెను. పొడిరంగులు కలుపునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. తల్లులారా, మీకు కోపము రావలసినచో ఇచ్చట రానిండు.

నీలిమందు కథ వేఱు. అది నీటిలో కరగదు. గోరువెచ్చని నీటిలో, కొంచెము క్షారముతో, గాలి సోకకుండ కొంతకాలముంచి, దానిలోని ప్రాణవాయువును తొలగించినప్పుడే కరగును. అప్పుడు కుండలోని నీరు నీలముగా నుండదు. పచ్చదనము గలిసిన పసుపుగా నుండును. క్షారమెక్కువైన ఊలు చెడును గనుక చేయి జాగ్రత్తగా నుండవలెను. ఆ పిల్ల మమ్ములను పిలిచి, “పెద్దమ్మా, ఱెప్ప వేయకుండ చూడండి” అని చిలపను మెల్లగా పైకెత్తినది. గాలి తగిలినంతనే పసుపు ఆకుపచ్చయై, ఆకుపచ్చ నీలమై, మేము చూచుచుండగనే చిలపయంతయు నెమలిమెడవలె మాఱిపోయినది. మేము అఱువది సంవత్సరములుగా నీలిచీరలు కట్టుచున్నాము. నీలమెట్లు పుట్టునో ఆ దినమే చూచితిమి. ఆ చిలప ఆఱువఱకు మేమే పదిమాఱులు వరండాకు పోయి వచ్చితిమని ఒప్పుకొనుచున్నాము.

ఇక ఆ పిల్లకు కలిగిన కష్టము చెప్పవలెను. ఢిల్లీలో కాపురమున్న ఒక గృహిణి, తమ యింటి పసిబిడ్డలకై ఆఱు ఊలు టోపీలు కావలెనని, టోపీ ఒకటికి 300 రూపాయల చొప్పున 1800 రూపాయలు ముందుగనే పంపినది. శుభమని పసుపురంగే కోరినది. వంటయింట పసుపుండగా వేఱొకటి యేల యని ఆ పిల్ల పసుపుకొమ్ములతోనే రంగు వేసినది. రంగు దివ్యముగా వచ్చినది. పంపిన మూడు వారములకు ఉత్తరము వచ్చినది. చాకిసబ్బుతో ఉతుకగానే టోపీలపై ఎఱ్ఱని మరకలు పడినవనియు, కిటికీ దగ్గఱ ఆఱవేసినవి వెలవెలబోయినవనియు, పసిబిడ్డల తలలకు నెత్తురుమరకలవంటి టోపీలు తొడుగుట యెట్లనియు.

పసుపులో సున్నము కలిపిన పారాణి యగునని మనలో తెలియనిదెవ్వతె? పెండ్లికూతురి పాదములకు మన చేతులతో పూయునదే గదా! సబ్బులోని క్షారమును ఆ పనియే చేయును. పసుపురంగు ఎండకు నిలువదనియు, పసుపు రాచిన చీరయంచులు చూచిన ప్రతి యిల్లాలు ఎఱుగును. ఆ పిల్లయు ఎఱుగును. అయినను చూడలేదు. మేము దగ్గఱనే యుండి, “ఎంత బాగున్నది!” అని మెచ్చుకొన్నవారమే గాని, ఒక్క మాటైన హెచ్చరింపలేదు. ఇందులో మా తప్పును కొంత కలదు.

1800 రూపాయలును ఆ రాత్రియే తిరిగి పంపినది. ఊలు వెల, శ్రమ పోయినవి. తండ్రి కోపించుకొనలేదు, అంతకన్న కష్టమైన మాట యనెను: “అమ్మా, ఇది నీకు ఆటా, పనియా? ఆటయైన పరుల డబ్బు పుచ్చుకొనకుము. పనియైన పనివలె చేయుము.” ఆ పిల్ల రెండు దినములు సూదులు ముట్టలేదు. మూడవ దినమున ఒక మందపు నోటు పుస్తకము కొనితెచ్చినది.

ఆ పుస్తకమును మేము చూచితిమి. ప్రతి పుటకును ఒక రంగు. ఊలు తూకము, నీరు, పటిక, తొక్క లేక పూవు తూకము, వేడి, నిమిషములు. ప్రక్కన అంటించిన మూడు పోగులు. ఒకటి ఉన్నదున్నట్లు, ఒకటి సబ్బుతో ఉతికినది, ఒకటి సగమట్ట క్రింద మూసి, సగము రెండు వారములు కిటికీ యెండలో నుంచినది. బంతిపూవు కొంత వెలసినది. దానిమ్మతొక్క సబ్బునకు కొంచెము ముదిరినది గాని యెఱుపెక్కలేదు. మన కలంకారీ పనివారు పసుపుపచ్చకై కరకపువ్వును దానిమ్మతొక్కను వాడి, పటికతో నిలుపుటయు, మచిలీపట్టణపు ఎఱుపునకు చిరివేరును నమ్ముకొనుటయు ఊరక కాదు. 1868లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు ఆ యెఱుపులోని సారమును ప్రయోగశాలలో పుట్టించువఱకు చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్లకు సాటి లేకుండెను. ఉతికినను పోనిదే రంగని మన తీరమువారు ఆనాడే సముద్రములు దాటించి నిరూపించిరి. ఆ పిల్ల తన తాతలనాటి పాఠమును 1800 రూపాయలకు మరల కొనుక్కొన్నది.

అల్లికకును అదే పుస్తకము. పది సెంటీమీటర్ల నమూనా గుడ్డ అల్లి, అందు కుట్లెన్నియో లెక్కించనిదే స్వెట్టరు మొదలుపెట్టదు. పది సెంటీమీటర్లకు ఇరువదిరెండు కుట్లని తలచి రెండువందల కుట్లు ఎత్తితిరా, చుట్టుకొలత సుమారు 91 సెంటీమీటర్లు. చేయి వదులై యిరువదియే వచ్చినచో 100 సెంటీమీటర్లు. అన్నకు అల్లినది మామకు సరిపోవును!

పుస్తకపు చివరిపుటలలో నున్న లెక్క మమ్ములను ఎక్కువ కలచినది. టోపీకి నలువది గ్రాముల ఊలు, 120 రూపాయలు. మిగిలినవి 180. రంగువేయుట, అల్లుట, ఉతికి ఆఱవేయుట కలిసి అయిదు గంటలు. అనగా గంటకు 36 రూపాయలు. అందులోనే పటిక, విద్యుత్తు, పంపు ఖర్చు. “ఇంట కూర్చుండి చేయునదే గదా అని ఆ వెల పెట్టితిని, పెద్దమ్మా” అన్నది. ఈ మాట మేమింతకుముందు వినియుంటిమి. పశ్చిమగోదావరిలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలు క్రైస్తవ మిషనరీల కాలమునుండి లేసు అల్లుచున్నారు. వారిని గూర్చి మరియా మీస్ అను జర్మనీ విదుషి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. దినమునకు ఎన్నో గంటలు అల్లి, విదేశములకు సరకు పంపు వర్తకులకు లాభము చేకూర్చియు, ఆ స్త్రీలు పొలము కూలీకన్న తక్కువ పొందిరనియు, “ఇంటి ఆడవారు తీరికవేళ చేసికొను పని” యని అందఱును, వారును, పేరు పెట్టుటయే దీనికి చాలవఱకు మూలమనియు ఆమె చూపినది. మా పిల్ల వర్తకుల చేతిలో లేదు. తన వెలను తానే పెట్టుకొనుచున్నది. అయినను ఆ పాత మాటయే నోట వచ్చినది.

ఇప్పుడు టోపీ 450 రూపాయలు. కొందఱు విని వెనుకకు పోయిరి. ఢిల్లీ గృహిణికి దానిమ్మరంగు పోగులను ఉతికినవి, ఉతకనివి కలిపి పంపి, క్షమాపణ వ్రాసినది. ఆమె చాలకాలము పలుకలేదు. చివరకు రెండు టోపీలు మాత్రము కోరినది, ఆఱు కాదు. వానితోపాటు కుంకుడురసముతోనే ఉతుకవలెనని చీటీ వ్రాసి పెట్టుట మేము కన్నులార చూచితిమి. కుంకుడులో క్షారము లేదు. ఊలునకును రంగునకును అది హాని చేయదు.

ఉత్తరము వ్రాసిన సోదరికి మా మనవి యిది. మీ పిల్లను మాన్పింపకుడు. పలుకకుండుటకు మాత్రము కోపింపుడు. వరుస నడుమ లెక్క తప్పునని భయమున్నచో, ఆ వరుస ముగియగనే పలుకవలెనని నియమము పెట్టుడు. మా యింట అది పనిచేసినది. ఒక గిన్నెను, ఒక త్రాసును, వరండాలో ఒక మూలను ఆమెకు విడువుడు. నెలకొకమాఱు ఆమె లెక్కపుస్తకము తెప్పించి, పక్కన కూర్చుండి చూడుడు. ఉల్లిపొట్టు ఏ పాటి రంగునిచ్చునని మీరు ఉత్తరము చివర అడిగితిరి. పటిక వేసిన ఊలుపై బంగారువన్నె వచ్చును. ఊలుతో సరితూకము పొట్టు కావలెను. ఎండకు కొంత తగ్గును గనుక అమ్మకమునకు వాడకుడు, ఇంటివారికి వాడుకొనవచ్చును.