క్రీడాంగణములలో వైఫై వసతి

సెల్‌ఫోను లేనివానికి నేడు క్రీడాంగణ ప్రవేశమే దుర్లభ మగుచున్నది. పెక్కు పోటీలకు టిక్కెట్టు ఫోనులోనే వచ్చును. దానిని ద్వారమువద్ద తెరచి చూపవలెను. లోపల కాఫీకిని, ఫలహారమునకును సొమ్ము ఫోనుద్వారా చెల్లింపుడందురు. ఆట ముగిసిన పిదప ఇల్లు చేరుటకు బండిని పిలువవలెనన్నను ఫోనే గతి. ఇన్ని పనులను ఫోనునకు ముడివేసినవారు, ఆ ఫోను పనిచేయుటకు వలసిన ఇంటర్నెట్టును ప్రేక్షకునకు సమకూర్చవలెనా, అక్కరలేదా? సమకూర్చి తీరవలెననియే మా అభిప్రాయము. నీటిసీసాను లోనికి రానీయని నిర్వాహకుడు లోపల మంచినీరు చూపవలసినట్లే, కాగితపు టిక్కెట్టును మాన్పినవాడు ఇంటర్నెట్టును చూపవలెను.

ఇంటివద్ద చక్కగా పలుకు ఫోను క్రీడాంగణమున మూగవోవుటకు కారణము సులభగ్రాహ్యము. ఒక సెల్‌టవరునకు లభించిన తరంగములకు పరిమితి కలదు; దాని పరిధిలోని ఫోనులన్నియు ఆ కొలదిదానినే పంచుకొనవలెను. అహమ్మదాబాదులోని నరేంద్రమోదీ క్రీడాంగణమున 1,32,000 మంది కూర్చుండవచ్చును. ఒక పట్టణపు జనమంతయు ఒక్క సాయంకాలము ఒక్క ఆవరణమున చేరి, సిక్సరు పడిన నిమిషముననే చిత్రములు పంపబూనినచో, నాలుగు వీథులకై నిలిపిన టవరు ఏమి చేయగలదు? వైఫై ఈ చిక్కును వేరుమార్గమున తీర్చును. ఒక పెద్ద దీపమునకు మారుగా అనేకములైన చిన్న దీపములు పెట్టినట్లు, కొద్దిమంది కొకటి చొప్పున చిన్న యంత్రముల నమర్తురు. కొన్నిచోట్ల వానిని ఆసనముల క్రిందనే యుంతురు. మనుష్య దేహములోని నీరు తరంగములను కొంత పీల్చుకొనుటచేత, ఒక యంత్రపు ప్రసారము దూరము ప్రాకి వేరొకదానికి అడ్డు తగులదు.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలోని సాంతాక్లారా నగరమున 2014లో తెరచిన లీవైస్ క్రీడాంగణములో 68,500 మందికి చోటు గలదు. అచట ఈ యేర్పాటును కట్టడముతోపాటే చేసిరి. 2016 ఫిబ్రవరిలో జరిగిన 50వ సూపర్‌బౌల్ దినమున అచటి వైఫైపై 10 టెరాబైట్లకు మించిన సమాచారము నడచెను.

ఫోనుపై సర్వభారమును మోపుటలోని ప్రమాదమును ఖతార్ దేశము చూపినది. 2022 నవంబరు 21వ తేదీన ఖలీఫా క్రీడాంగణమున ఇంగ్లండు, ఇరాను జట్లు తలపడిన ప్రపంచకప్పు పోటీకి ఫోను టిక్కెట్లు తెరచుకొనక, ఎందరో ప్రేక్షకులు ద్వారమువద్ద నిలిచిపోయి ఆట ప్రారంభమును కోల్పోయిరి. అచట చెడినది టిక్కెట్ల యాప్. కావున వైఫై యున్నంత మాత్రమున సర్వమును చక్కబడునని మేము చెప్పము. ఫోను మొరాయించిన నాడు గుర్తింపు పత్రమును చూచి లోనికి పంపు కౌంటరొకటి ప్రతి ద్వారమువద్ద నుండవలెను.

ఇందు ప్రాణరక్షణ సమస్యయు నున్నది. 2025 జూను 4వ తేదీన బెంగుళూరు చిన్నస్వామి క్రీడాంగణము వెలుపల త్రొక్కిసలాటలో 11 మంది మరణించిరి. ఆ ఘోరమునకు కారణములు పెక్కు. వైఫై యున్నచో అది తప్పియుండెడిదని యెవ్వరును అనజాలరు. కాని, ‘లోపల చోటు నిండినది, వెనుకకు మరలుడు’ అను మాటను వేలమందికి ఒక్కసారిగా తెలుపు సాధనములు ఎన్ని యున్నను ఎక్కువ కావు. మైకు వినబడని చోటికి ఫోను సందేశము చేరవచ్చును. కనుక ద్వారముల వెలుపలి బాటలకే మొట్టమొదట ఈ వసతి కావలెను.

ఆట చూడవచ్చినవానికి ఫోనుతో నేమి పని యని పెద్దలు కొందరందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని ఫోనును టిక్కెట్టుగను, డబ్బుసంచిగను మార్చినది ప్రేక్షకుడు కాడు. వ్యయము అధికమని మరికొందరందురు. ఒక్కనాడే సర్వమును చేయుడని మేము కోరుట లేదు. మొదట ద్వారములు, పిదప ఫలహారశాలలు, వైద్యకేంద్రములు, తరువాత ఆసనములు. అందును మొదట తక్కువ వెల టిక్కెట్ల వరుసలు. ధనికుల గదులతో ఆరంభించి అచటనే ఆగిపోవు వసతి ప్రజల వసతి కానేరదు.

‘ఉచితము’ అను పదమును గూర్చి న్యాయవాదిగా ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఓటీపీకై ఫోను నంబరు అడుగుట సబబే. పేరు, వయస్సు, అభిరుచులు, ఫోనులోని చిరునామాలు అడిగి ప్రకటనదారుల కమ్ముకొనుట మాత్రము తగదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పనికి అవసరమైనంత సమాచారమునకే సమ్మతి చెల్లునను సూత్రమును నిలిపినది. ఇక స్వంత ఇంటర్నెట్టును వాడుకొనువానిని అడ్డగించుటయు అన్యాయమే. నాష్‌విల్ నగరమందలి ఒక హోటలులో అతిథుల స్వంత హాట్‌స్పాటులను అడ్డగించి నందుకు, 2014లో మారియట్ సంస్థ అమెరికా ప్రభుత్వ సంఘమునకు 6 లక్షల డాలర్లు చెల్లించుకొనవలసి వచ్చెను.

మన దేశమున చట్టము ఈ కార్యమునకు ఆటంకము గాదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన పీఎం-వాణి పథకముచే, చిన్న దుకాణదారుడును లైసెన్సు లేకయే ప్రజలకు వైఫై నందింపవచ్చును. కిళ్లీకొట్టువాడు చేయగలిగిన పనిని, కోట్ల రూపాయల పోటీలు నడుపు సంఘములు చేయలేమనుట హాస్యాస్పదము. హైదరాబాదు ఉప్పల్‌లోను, 2025లో మహిళల ప్రపంచకప్పు పోటీలు జరిగిన విశాఖపట్టణములోను టిక్కెట్లు కొనుచున్న తెలుగు ప్రేక్షకులు ఈ ప్రశ్నను తమ క్రికెట్ సంఘముల నడుగవలెను. ఎన్ని ద్వారములకు, ఎన్ని వరుసలకు, ఏనాటిలోగా ఈ వసతి కల్పింతురో టిక్కెట్ల అమ్మకమునకు ముందే ప్రకటింపుడని కోరవలెను. సొమ్ము చెల్లించినవాడు లెక్క యడుగుట తప్పు కాదు. అడుగక యూరకుండుటయే తప్పు.