పాలలా తెల్లబడ్డ డ్రమ్ము

మా మిరపతోట డ్రిప్పును పాడుచేసింది నేనే. ఫస్టియర్ కెమిస్ట్రీలో మంచి గ్రేడు తెచ్చుకున్న నేనే!

మా ఊరు మహబూబాబాద్ జిల్లాలో, కేసముద్రం దగ్గర. మాకు మిర్చి అంటే ఏడాది బతుకు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే బాపు రెండు బస్తాలు చూపించి, "ఇయ్యాల క్యాల్షియం నైట్రేట్ వదులు, మెగ్నీషియం సల్ఫేట్ రేపు" అని చెప్పి మార్కెట్‌కు పోయిండు. ఒక్కరోజులో అయిపోయే పనికి రెండు రోజులెందుకని, 200 లీటర్ల డ్రమ్ములో రెండూ ఐదైదు కిలోలు పోసి కట్టెతో తిప్పాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. కరుగుతుందిలే అనుకుని వెంచురీ తెరిచాను. సాయంత్రానికి ఫిల్టర్ నిండా తెల్లటి పిండి. చివరి సాళ్లలో చుక్క పడటం లేదు.

"గిదేంది బిడ్డా, సున్నం కలిపినవా?" అన్నడు బాపు. కలపొద్దని దుకాణంల చెప్పిన్రట. ఎందుకో మాత్రం చెప్పలేదట.

ఆ "ఎందుకో" నాకు తెలుసు. పరీక్షలో సాల్యుబిలిటీ ప్రొడక్ట్ లెక్క చేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. క్యాల్షియం, సల్ఫేట్ కలిస్తే జిప్సం. లీటరు నీటిలో అది కరిగేది రెండు గ్రాముల చిల్లర. నేను పోసిన ఐదు కిలోల మెగ్నీషియం సల్ఫేట్‌తో సుమారు మూడున్నర కిలోల జిప్సం తయారవుతుంది. 200 లీటర్లలో కరిగేది అర కిలో, ఉప్పు నీళ్లు కాబట్టి ఇంకాస్త ఎక్కువ. అంటే రెండున్నర కిలోలకు పైగా అడుగున చేరినట్టే. సల్ఫేట్ బదులు ఫాస్ఫేట్ అయితే ఇంకా అన్యాయం, క్యాల్షియం ఫాస్ఫేట్ అంతకంటే తక్కువ కరుగుతుంది.

బస్తా మీద "నీటిలో పూర్తిగా కరుగుతుంది" అని ఉంటుంది. అది ఒంటరిగా ఉన్నప్పటి మాట. పక్కన ఎవరుంటే కరగదో కూడా అంతే పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయాలని నా వాదన. రైతుకు అంత కెమిస్ట్రీ ఎందుకని కొందరు అంటారు. కారణం తెలియని నియమాన్ని తొందరలో ఎవరైనా దాటేస్తారు, నేను దాటలేదా? పైగా ప్రతి ఏడూ కొత్త పేరుతో కొత్త బస్తా వస్తుంది. కారణం తెలిస్తే దానికీ రైతే జవాబు చెప్పుకుంటాడు. 19:19:19, 12:61:0 లాంటి వాటిలో మధ్య అంకె సున్నా కాకపోతే ఫాస్ఫేట్ ఉన్నట్టే. 0:0:50లో మధ్య అంకె సున్నానే, కానీ అది పొటాషియం సల్ఫేట్. రెండూ క్యాల్షియం నైట్రేట్‌తో ఒకే డ్రమ్ములో పడవు. ఇది తెలియకపోతే, కొన్న క్యాల్షియం అడుగున గడ్డకట్టి మొక్కకు అందకపోయినా, రైతు "మందు నకిలీది" అనుకుని ఇంకో బస్తా కొంటాడు.

హైడ్రోపోనిక్స్‌లోనూ ఇదే కథ. అక్కడ ఎ, బి అని రెండు ట్యాంకులు పెట్టేది ఇందుకే. ఎ‌లో క్యాల్షియం నైట్రేట్, ఐరన్ కీలేట్. బి‌లో ఫాస్ఫేట్లు, సల్ఫేట్లు. చిక్కటి ద్రావణాలను నేరుగా కలపకూడదు. పెద్ద ట్యాంకులో ముందు నీళ్లు నింపి, ఎ పోసి బాగా తిప్పి, తర్వాత బి పోయాలి. పలచబడ్డాక రెండూ ఒకే నీటిలో ఉండగలవు, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంచితే. పీహెచ్ పెరిగితే ఫాస్ఫేట్ మళ్లీ క్యాల్షియంతో జట్టుకడుతుంది. మన బోరు నీళ్లు గట్టివైతే వాటిలోనే క్యాల్షియం ఉంటుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇదంతా రైతుకు చూపించడానికి ల్యాబ్ అక్కర్లేదు. డ్రమ్ములో ఏ పాళ్లలో పోస్తామో అదే పాళ్లలో, అదే బోరు నీళ్లతో ఒక గాజు గ్లాసులో కలిపి గంట ఆగితే చాలు. తెల్లబడినా, అడుగున పిండి చేరినా డ్రమ్ములో పోయొద్దు.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఇళ్లకు పోయేవాళ్లం తలా రెండు గాజు గ్లాసులు పట్టుకుపోదాం. మన తెలుగు క్లబ్బు ఒక పేజీ చార్టు రాస్తే, మా ఊరి పంచాయతీ గోడకు అంటించే పని నాది. మా ఇంట్లో మాత్రం ఇప్పుడు కొత్త బస్తా రాగానే బాపే గ్లాసు అడుగుతున్నడు.