చలాకీ కుక్కకు తగిన ఇల్లు



కాలువగట్టున ఎవరో వదిలివెళ్లిన కుక్కను పిల్లలు ఇంటికి తెచ్చారనీ, ఒంట్లో సత్తువ వచ్చాక అది ఇల్లంతా ఎగిరి దూకుతోందనీ ఒక సహోదరి వ్రాశారు. చెప్పులు మిగల్చడం లేదట. అత్తగారి చీర కుచ్చెళ్లు పట్టి లాగుతుందట. పెద్ద డాబా, ప్రహరీగోడ ఉన్న ఒకాయన అడుగుతున్నారు, ఇచ్చివేయమంటారా అని ఆమె ప్రశ్న.

అమ్మా, ఆయన ఆ కుక్కను ఎక్కడ ఉంచుతారో ముందు అడగండి. పగలంతా గేటు ప్రక్కన గొలుసుతో కట్టి ఉంచుతామంటే ఇవ్వకండి. పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చేది ఆరేడు నెలలకు. అక్కడి నుంచి ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేవరకు కుక్కకు కాలు ఒకచోట నిలవదు. అది పొగరు కాదు, వయసు. మన పద్నాలుగేళ్ల మగపిల్లల్ని చూడడం లేదా! అటువంటిదాన్ని కట్టిపడేస్తే ఊరికే మొరుగుతుంది, గుంటలు త్రవ్వుతుంది, చివరకు దగ్గరికి వచ్చినవారిని కరవవచ్చు. అప్పుడు గోనెసంచిలో వేసి మరో ఊరి పొలిమేరలో వదలివస్తారు. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం, పెంచినదాన్ని ఆకలిదప్పులకు వదిలివేయడం, ఈ రెండూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలే.

ఇల్లు ఎంత పెద్దదో కాదు, ఆ ఇంటివారు ఎంత తిరుగుతారో చూడండి. ఉదయం, సాయంత్రం తోటకో మోటారు దగ్గరికో నడిచివెళ్లే రైతు వెంట తిరిగిన కుక్క ఇంటికొచ్చి ముడుచుకొని పడుకుంటుంది. రెండు గదుల పెంకుటిల్లయినా ఫరవాలేదు. కాస్త ఎదిగిన పిల్లలుంటే మరీ మేలు. తప్పటడుగుల బిడ్డ గానీ, చేతికర్రతో నడిచే పెద్దవారు గానీ ఉన్న ఇల్లు మాత్రం దీనికి తగదు. ప్రేమతో మీదికి దూకినా సరే, ముసలివారి తుంటి ఎముక విరగడానికి అది చాలు.

గొర్రెలకాపరికి ఇస్తే సరిపోతుందని కొందరంటారు. నేను వెంటనే ఒప్పుకోను. పరుగెత్తేదాన్ని తరమడం ఈ వయసు కుక్కకు ఆట. మంద మధ్య పుట్టి పెరిగినది వేరు, మీ ఇంట్లో చెప్పులు కొరికినది వేరు. ఒక్క మేకపిల్లను పట్టిందంటే దానికి విషం పెట్టేవారు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ముందు తాడు పట్టుకొని మంద దగ్గరికి తీసుకువెళ్లండి. పిలిస్తే మీ వైపు తిరుగుతుందా, తాడు తెంపుకునేలా గుంజుతుందా? కోళ్ల దగ్గర కూడా ఇలాగే చూడండి.

ఇచ్చేముందు పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించండి. మూడు నెలలు నిండితే వేయించవచ్చు. ఆ తరువాత డాక్టరుగారు చెప్పిన గడువులకు మళ్లీ వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక బాలునికి మొదటిసారి ఈ టీకా వేయించాడు. ఆ జ్ఞాపకంగా ఏటా అదే రోజున మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా వేస్తుంటారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతీ అక్కడే అడగండి. ఆడకుక్కయితే ఏడాది తిరిగేసరికి ఒకదానికి బదులు ఆరింటికి ఇల్లు వెతకవలసివస్తుంది! ఈలోగా అది ఆటలో పంటితో గీరినా, ఆ చోటును వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం పూయకండి.

అప్పగించేటప్పుడు దాని తప్పులు దాచవద్దు. పెళ్లిచూపుల్లో లాగా మంచిమాటలే చెబితే వారం తిరగకుండా మీ గుమ్మంలోనో, బస్టాండులోనో వదులుతారు. ఏ పిలుపుకు వస్తుందో, ఏం తింటుందో చెప్పండి. అది పడుకునే గోనెపట్టా కూడా పంపండి. కొత్త చోట ఆ వాసన దానికి తోడు. మొదట్లో తాడు లేకుండా బయటికి వదలవద్దనండి, పాత ఇల్లు వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది. కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వండని ముందే చెప్పి, నెల తరువాత ఒకసారి వెళ్లి చూసి రండి.