పునాది గోడలో మురుగు పైపు – ఇంటిల్లిపాది ఆరోగ్యం



ఇల్లు కట్టేటప్పుడు సింహద్వారం ఎటు, వంటగది ఎటు అని నెలల తరబడి ఆలోచిస్తాం. మరుగుదొడ్డి పైపు పునాది గోడలోంచి ఎక్కడ బయటికి పోవాలో మాత్రం ఎవరం అడగం. చివరికి గోడకు కన్నం కొట్టి, పైపు దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తి, మట్టి కప్పేస్తారు. ఇది మేస్త్రి పని మాత్రమే కాదు, ఇంటివారి ఆరోగ్యానికి సంబంధించిన పని అని మా అభిప్రాయం.

కట్టిన తరువాత ప్రతి ఇల్లూ కొద్దిగా కుంగుతుంది. నల్లరేగడి నేల అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. సిమెంటుతో బిగించిన పైపు గోడతోపాటు కదలలేక అతుకు దగ్గర పగులుతుంది. మురుగు మట్టిలోకి ఊరుతుంది. చాలా ఇళ్లలో ఆ పక్కనే నీళ్ల సంపు, కుళాయి పైపు ఉంటాయి. కుళాయి నీళ్లు వచ్చేది రోజుకు కొన్ని గంటలే. నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు సన్నని చిల్లు ఉన్నా బయటి మురుగు లోపలికి చేరుతుంది. టైఫాయిడ్, నీళ్ల విరేచనాలు, పచ్చకామెర్లు వచ్చే దారులలో ఇది ఒకటి.

1854లో లండన్‌లోని బ్రాడ్ వీధిలో కలరా సోకి 600 మందికి పైగా చనిపోయారు. అక్కడి బోరింగు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో చెప్పారు. ఆ ప్రాంతపు చర్చిలో సేవ చేసే హెన్రీ వైట్‌హెడ్ ఇల్లిల్లూ తిరిగి విచారించారు. తవ్వి చూస్తే, పక్క ఇంటి మురుగు గుంట బావికి మూడు అడుగుల లోపే ఉంది. దాని ఇటుకలు వదులై మురుగు బావిలోకి ఊరుతోంది.

కాబట్టి మా సలహాలు:

1. పునాది వేయకముందే పైపు దారి నిర్ణయించండి. ప్లింత్ బీమును పగలగొట్టి పైపు వేయనివ్వకండి. బీము కింద నుంచి తీసుకుపోవడం మంచిది.

2. నాలుగు అంగుళాల పైపుకు గోడలో ఆరు అంగుళాల పైపు ముక్కను తొడుగుగా పెట్టించండి. మధ్య ఖాళీని సిమెంటుతో కాక, కదలికకు సాగే సీలెంటుతో నింపించండి. ఎలుకలు, బొద్దింకలు కూడా రావు.

3. ప్రతి నాలుగు అడుగులకు సుమారు ఒక అంగుళం వాలు ఉండాలి. గోడ లోపల అతుకు రాకూడదు.

4. మట్టి కప్పకముందు కింది చివర మూసి, పైపు నిండా నీళ్లు పోసి గుర్తు పెట్టండి. కొన్ని గంటల తరువాత మట్టం దిగితే లీకు ఉన్నట్టే.

5. మంచినీళ్ల పైపును, సంపును మురుగు పైపుకు వీలైనంత దూరంగా, ఎత్తుగా ఉంచండి.

"మా ఇల్లు కట్టి ఇరవై ఏళ్లయింది, ఏమీ కాలేదు" అని కొందరంటారు. లీకు మట్టి కింద ఉన్నంతకాలం కంటికి కనబడదు. గోడ అడుగున ఎప్పుడూ చెమ్మ, దుర్వాసన ఉన్నా, కుళాయి నీళ్లు రంగు మారినా ప్లంబరును పిలిచి చూపించండి. బాగయ్యేదాకా నీళ్లు మరిగించి చల్లార్చి తాగండి.

ఇంట్లో గర్భిణి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మురుగు కలిసిన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ కామెర్లు చివరి మూడు నెలల్లో తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం తేవచ్చు. కళ్లు పచ్చబడితే ఆకు పసరు కోసం తిరగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

రంగులకు, టైల్స్‌కు వేలు ఖర్చు పెడుతున్నాం. ఒక అడుగు పైపు తొడుగుకు, ఒక పూట నీళ్ల పరీక్షకు వెనుకాడటం న్యాయం కాదు. ఇల్లు కట్టించేవారు ఈ విషయం మేస్త్రితో ముందే మాట్లాడాలని కోరుతున్నాం.