సీమంతం చీర ఎవరి కోసం?

పోయిన నెల చిత్తూరులో మా వదిన కూతురికి సీమంతం చేశారు. ఏడో నెల. నెల ముందు నుంచే మా ఇంట్లో ఫోన్లు మొదలైనాయి. వంటల గురించి ఒక ఫోన్ వస్తే చీర గురించి పది వచ్చినాయి. అత్తగారి వాళ్ళు ధర్మవరం పట్టుచీర తెచ్చారు. జానెడు అంచు, నిండా జరీ. చేత్తో ఎత్తితేనే బరువు తెలుస్తోంది.

ఆ పిల్ల మెల్లగా నాకు ఫోన్ చేసింది. "అత్తా, ఆ చీర కట్టుకుని రెండు గంటలు పీట మీద నేను కూర్చోలేను. కూర్చుంటేనే ఆయాసం వస్తోంది. నువ్వయినా అమ్మకి చెప్పు" అనింది.

చెప్పాను. మా వదిన ఏమనిందంటే, "నీ సీమంతానికి నువ్వు కట్టుకోలేదా? ఒక్కపూట ఓర్చుకుంటే ఏమైపోతుంది?"

ఒక్కపూట ఓర్చుకున్నదాన్ని కాబట్టే ఇది రాస్తున్నాను.

2004లో తిరుపతిలో నాకు సీమంతం జరిగింది. అది ఎండాకాలం. కంచి పట్టుచీర, పెళ్ళికి కుట్టించిన జాకెట్టు. ఆ జాకెట్టు హుక్కులు పడకపోతే మా పిన్నమ్మ ఊపిరి బిగబట్టమని చెప్పి పెట్టేసింది. బరువు చీర జారకుండా పావడ నాడా గట్టిగా లాగి కట్టారు. తర్వాత గాజులు. పెళ్ళయినప్పటి నుంచి నాకు టూ ఫోర్ సైజు సరిపోయేది, అవే తెచ్చారు. చెయ్యి దాటి పైకి పోలేదు. సబ్బు నురగ రాసి, వేళ్ళు నొక్కి ఎక్కించారు. రెండు పగిలినాయి. "పిల్ల ఒళ్ళు చేసిందే" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు రోజులుగా ఉంగరం బిగుసుకుపోయిందని, తలనొప్పిగా ఉందని ఎవరికీ చెప్పలేదు. అంత సంబరంలో అది చెప్పే మాటగా నాకే అనిపించలేదు.

రెండు రోజుల తర్వాత నెలవారీ పరీక్షకు పోతే బీపీ ఎక్కువగా ఉంది. "చేతులు ఎప్పటి నుంచి వాచినాయి?" అని డాక్టరమ్మ అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది సబ్బు నురగ. మాత్రలు రాసిచ్చి వారం వారం రమ్మన్నారు. బాబు మూడు వారాలు ముందే పుట్టాడు. దేవుడి దయ వల్ల బాగున్నాడు.

చీర వల్ల నాకు బీపీ రాలేదు, ఆ మాట నేను అనను. నేననేది ఒకటే. నా ఒళ్ళు ఒక మాట చెప్తుంటే, ఉంగరమూ గాజులూ దాన్ని మా అందరికీ వినిపిస్తుంటే, మేము సబ్బు రాసి నోరు నొక్కేశాం. ఏడో నెలలో సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం మామూలే. మొహమూ చేతులూ ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకలు కమ్మినా ఆ రోజే బీపీ చూపించుకోవాలి. పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడే జబ్బు ముందుగా చెప్పే కబురు అదే. మన పక్క ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేకంగా ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచి దేశమంతా నడుస్తున్న పథకం అది.

మనం కడుపుతో ఉన్న ఆడదాన్ని "వట్టి మనిషి కాదు" అంటాం. ఎంత మంచి మాట! కానీ గుడ్డల దగ్గరికి వచ్చేసరికి వట్టి మనిషికి కుట్టిందే తొడగమంటాం. అయిదో నెలకు గర్భసంచి బొడ్డు దాకా వస్తుంది, తొమ్మిదో నెల మొదలయ్యేసరికి పక్కటెముకల కిందికి చేరుతుంది. ఒంట్లో నెత్తురు దాదాపు సగం పెరుగుతుంది. రొమ్ములు పెరుగుతాయి, పాదాలు వాస్తాయి, చెమట ఎక్కువ పోస్తుంది. ఇంత మారిన ఒంటిని పాత కొలతలో దూర్చడం ఓర్పు ఎట్లా అవుతుంది?

మన పాత టైలర్లకు ఈ సంగతి బాగా తెలుసు. జాకెట్టు పక్కన లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలి, వరుసగా మూడు నాలుగు కుట్లు వేసేవాళ్ళు. ఒళ్ళు పెరిగితే ఒక కుట్టు విప్పుకోవాలి, తగ్గితే మళ్ళీ వేసుకోవాలి. ఆడదాని ఒళ్ళు ఒక్క కొలతలో ఆగదని ఆ మిషను ముందు కూర్చున్న మనిషి లెక్కేసుకున్నాడు. చీరకయితే సైజే లేదు. కుచ్చిళ్ళు రెండు తగ్గిస్తే తొమ్మిదో నెలకూ సరిపోతుంది. అందుకని చీర మీద నాకు పగేమీ లేదు. స్కానింగుకు పోయేటప్పుడు నిలువు గౌను కంటే చీరే నయం, పొట్ట వరకు పక్కకు తీస్తే చాలు. నా గొడవంతా బరువుతో, బిగింపుతో. నాడా బిగింపును కూడా చిన్నదిగా చూడొద్దు. ఏళ్ళ తరబడి నడుము మీద ఒకేచోట బిగించిన కట్టు ఒరుసుకుని, పుండు పడి, అది క్యాన్సరుగా మారిన ఇద్దరు ఆడవాళ్ళ గురించి 2024లో మన దేశపు డాక్టర్లే ఒక వైద్య పత్రికలో రాశారు. అది ఒక్కపూటలో వచ్చేది కాదు, కడుపుతో ఉన్నప్పుడే వచ్చేదీ కాదు. కానీ నల్లగా కమిలిన ఆ గీతను మనం ఎంత మామూలుగా తీసుకుంటామో చూడండి. నాడా బదులు వెడల్పు ఎలాస్టిక్ వేసి, పొట్ట కిందికి దించి కట్టుకుంటే సరిపోయే దానికి!

చీర బరువు అని నైటీ వేసుకుంటే ఇంకో గొడవ. వీధిలోకి వస్తే టవలు కప్పుకో, మామగారు వస్తే లోపలికి పో. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరి పెద్దలు పగటిపూట ఆడవాళ్ళు నైటీ వేసుకుంటే రెండు వేలు జరిమానా అన్నారు. చూసి చెప్పినవాళ్ళకు వెయ్యి బహుమతి కూడా పెట్టారు. చివరికి అధికారులు ఊళ్ళోకి పోయి అట్లాంటి జరిమానా చెల్లదని చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు తోచింది ఒకటే. ఆ ఊళ్ళో ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్ల ఏం వేసుకునింటుంది? పెద్దలు కూర్చుని తీర్మానం చేసేటప్పుడు ఆమెను ఎవరయినా తలుచుకున్నారా?

ఇప్పటి పిల్లలకు కొత్త బాధ ఇంకొకటి. ఒకవైపు "కొంగు కప్పుకో, దిష్టి తగులుతుంది" అంటారు. ఇంకోవైపు ఫోటోషూట్ అని, ఒంటికి అతుక్కునే గౌను వేసి పొట్ట మీద చేతులు పెట్టి నిలబడమంటారు. దాచమనేవాళ్ళూ, చూపమనేవాళ్ళూ ఇద్దరూ చూసేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. మోసే పిల్లకి ఎట్లా ఉందో ఇద్దరూ అడగరు. తనకు ఇష్టమై ఫోటో దిగితే నేనెందుకు కాదంటాను? తనకు ఇష్టమా అని అడగడమే ముఖ్యం.

నన్నడిగితే పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. నాలుగు నెలల కోసం వేలు పోసి కొనేకంటే ముందు జిప్పు ఉన్న నూలు నైటీలు నాలుగు కుట్టించుకుంటే, బిడ్డకు పాలిచ్చేటప్పుడూ పనికొస్తాయి. జాకెట్టుకు హుక్కులు ముందువైపే ఉండాలి, చెయ్యి వదులుగా ఉండాలి. బీపీ చూసే నర్సమ్మ కూడా సంతోషిస్తుంది. అక్క వాడిన వదులు గుడ్డలు చెల్లెలికి ఇవ్వడం మన ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, అందులో నామోషీ ఏముంది?

ఇంతకీ సీమంతం ఏమైందంటారా? వదినతో మూడు రోజులు మాట్లాడాను. నా గాజుల కథ ఆమెకు అంతకు ముందు తెలియదు. వినేసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ పట్టుచీర ఏం చేద్దాం?" అనింది. సారె తట్టలో పూలు పళ్ళతో పాటు పెట్టాం. పెద్ద ముత్తయిదువ దాన్ని పిల్ల భుజాల మీద ఒక్క నిమిషం కప్పి దీవించి తీసేసింది. బిడ్డ పేరు పెట్టే రోజున కట్టుకుంటుంది. పిల్ల వెంకటగిరి నూలు చీర కట్టుకుంది, సన్న జరీ అంచుది. జాకెట్టు పక్కన రెండు కుట్లు నేనే విప్పాను. గాజులు ముందుగా కొనకుండా ఆ పొద్దున చెయ్యి చూసి తెప్పించాం. ఒక సైజు పెద్దవి పట్టినాయి. నొప్పి లేకుండా, సబ్బు లేకుండా ఎక్కినాయి. బీపీ అంతకు ముందు రోజే చూపించాం, బాగుంది.

రెండు గంటలూ పీట మీద నవ్వుతూ కూర్చునింది. చిత్రాన్నం రెండోసారి అడిగి పెట్టించుకునింది. ఫోటోల్లో చీర వెలవెలపోయిందని మా వదిన ఇప్పటికీ అంటూనే ఉంది. అననీండి.