ఎకరం వంద కోట్లు, ఊరికెంత?

2023 ఆగస్టు 3న హెచ్‌ఎండీఏ కోకాపేటలో 45.33 ఎకరాలు వేలం వేసింది. ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. మొత్తం వేలం విలువ 3,319.60 కోట్లు. ఆ రోజు నుంచి ‘కోకాపేట’ అంటే భూమి రేటు. కోకాపేట అనే ఊరొకటి ఉందని, అందులో నల్లా, మోరీ, రేషన్ దుకాణం, అంగన్‌వాడీ ఉంటాయని చాలామందికి గుర్తుకు రాదు.

ఈ ఊరి చరిత్రలో సగం నీళ్లదే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచాక, విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. వాటిలో మొదటిది, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు, కోకాపేటకు దగ్గర్లోనే ఉంది. అక్కడి నీళ్లు మోటారు అవసరం లేకుండా కాలువ వాలుతోనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. గండిపేట నీళ్లు తాగినవాడు పట్నం వదలడన్న మాట అలా పుట్టింది. ఆ చెరువులను కాపాడటానికే 1996లో 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు పగ్గాలు వేసింది. గండిపేట, ఖానాపూర్, వట్టినాగులపల్లి అందులోకి వెళ్లాయి. కోకాపేటలో వేలానికి వచ్చిన ప్రభుత్వ భూమి ఆ పగ్గాలకు అవతల ఉండిపోయింది.

2006లో 86 జీవో వచ్చి, రోడ్డు వెడల్పును బట్టి ఎన్ని అంతస్తులైనా వేసుకునే వీలు కల్పించింది. ఆ రోజుల్లోనే హెచ్‌ఎండీఏకు ముందున్న హుడా ఇక్కడ భూముల వేలం పెట్టింది. ఆ తర్వాత మాంద్యం వచ్చి, కొన్నవాళ్లలో కొందరు కోర్టుకెక్కారు. 2008లో ఔటర్ రింగ్ రోడ్డు గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క తెరుచుకోవడంతో ఊరి జాతకం ఖరారైంది.

భూమి సంగతి అలా ఉంచి, పాలన సంగతి చూద్దాం. 2018 వరకు కోకాపేట గ్రామ పంచాయతీ. ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్లతో కలిపి నార్సింగి పురపాలికలో చేర్చారు. పేరు మారితే ఏమవుతుందని అనుకుంటాం గానీ, చట్టం దృష్టిలో చాలా మారుతుంది. రాజ్యాంగం గుర్తించిన గ్రామసభ పోతుంది. సర్పంచిని నిలబెట్టి లెక్క అడిగే హక్కు దాంతోనే పోతుంది. ఉపాధి హామీ పని పల్లెలకే కనుక కూలీకి అదీ లేదు. మరుసటి ఏడాది పల్లె ప్రగతి పేరిట ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు, నర్సరీ, వైకుంఠధామం అంటూ ప్రభుత్వం పట్టుబట్టి పనులు చేయించినప్పుడు ఈ ఊరు పంచాయతీయే కాదు. రావలసినవి రాకముందే హోదా పెరిగింది.

పురపాలిక వల్ల మేలు లేదనడం అన్యాయం. 2019 పురపాలక చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఉన్న చిన్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలే పన్ను. ఇది పేదకు ఊరట. కానీ ఆ వంద రూపాయలతో మోరీ వేయలేరు కదా! పురపాలికకు అసలు డబ్బు రిజిస్ట్రేషన్లలో వచ్చే 1.5 శాతం బదిలీ సుంకం. అది రిజిస్ట్రేషన్ శాఖ చేతుల మీదుగా రావాలి, ఎప్పుడొస్తే అప్పుడే ఖర్చు. వేలం సొమ్ములో మాత్రం ఊరికంటూ వాటా ఏ చట్టంలోనూ లేదు.

వేలం వేసిన నియోపోలిస్ లేఅవుట్‌లో వెడల్పాటి రోడ్లు, భూగర్భ మురుగు లైన్లు ముందే వేసి ప్లాట్లు అమ్మారు. పద్ధతిగా చేసిన పని, తప్పు పట్టను. పాత ఊరు మాత్రం గ్రామకంఠంలో, అంటే పూర్వం నుంచి ఇళ్లున్న ఊరి స్థలంలో ఉంటుంది. గ్రామకంఠం ఇళ్లకు పాసుబుక్కు ఉండదు, లింకు దస్తావేజులు దొరకవు. ఆ కాగితాలు లేనివాడికి బ్యాంకు లోను, ఇంటి అనుమతి రెండూ కష్టమే. తాతల నుంచి ఉంటున్న మనిషి కాగితాల కోసం తిరుగుతుంటే, పక్కన యాభై అంతస్తుల టవరు అనుమతులన్నీ తెచ్చుకుని లేస్తుంది. టవరుకు ఎండాకాలం ట్యాంకర్లు వరుస కడతాయి, సొసైటీ డబ్బు కట్టుకుంటుంది. ఊళ్లోవాళ్లకు ఆ స్తోమత లేదు.

2020లో ఎన్నికైన పురపాలక మండళ్ల గడువు 2025 జనవరిలో ముగిసింది. ఎన్నికలు జరపకుండా ప్రత్యేకాధికారులను కూర్చోబెట్టారు. ఆ ఏడాది చివర్లోనే నార్సింగితో సహా 27 పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపే నిర్ణయం వచ్చింది. అంటే కాదనడానికైనా, ఔననడానికైనా ఎన్నికైన మండలి లేని సమయంలో. ఏడేళ్లలో పంచాయతీ, పురపాలిక, మహానగరం. ప్రతిసారీ ఫిర్యాదు తీసుకునే కౌంటరు ఇంకాస్త దూరం జరిగింది.

విలీనం మంచిదా చెడ్డదా అన్న వాదన ముదిరిపోయింది. తేల్చాల్సింది డబ్బు సంగతి. భూమి ఏ ఊరి హద్దులో అమ్ముడైతే ఆ ఊరి పాత వాడకు వేలం సొమ్ములో కొంత కేటాయించాలన్న షరతు నోటిఫికేషన్‌లోనే ఉండాలి, ఎందుకంటే ఖజానాకు చేరాక అడిగినా రాదు. 2023 వేలంలో ఒక్క శాతం పెట్టినా 33 కోట్లు. ముందు మురుగు లైన్లు, ఆ తర్వాత గ్రామకంఠం ఇళ్ల సర్వే. తర్వాతి వేలానికి నోటిఫికేషన్ రాసేవాళ్లు ఈ ఒక్క పేరా చేర్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, మంత్రివర్గ నిర్ణయం చాలు.