కోవెలకుంట్ల దావా

జైలుకు పోయినవానికి హక్కులెక్కడివని మా తాటిపాక సెంటరులో టీ త్రాగుచు అడుగువారికి నేను కోవెలకుంట్ల సంగతి చెప్పుచుందును. 1977 మే 6వ తేదీ తెల్లవారుజామున, అచ్చటి సబ్‌జైలు 7వ గదిలోనికి దుండగులు బాంబులు విసరగా, అందు బందీలుగానున్న తండ్రీకొడుకులలో తండ్రి మరణించెను. గాయపడి బ్రదికిన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి, ప్రాణభయము కలదని ముందే మొఱపెట్టుకొన్నను రక్షణ కల్పింపలేదని, పది లక్షల పరిహారమునకై కుటుంబముతో కూడి ప్రభుత్వముపై దావా వేసెను. కావలివాడు బందీని లాఠీతో మోదుటయు, పరులు చంపవచ్చినపుడు కాపాడకుండుటయు నా దృష్టిలో వేఱువేఱు గావు. సార్వభౌమునకు బాధ్యత లేదను కంపెనీనాటి వాదమునే సర్కారు పట్టుకొని వ్రేలాడెను. (చిత్రము! రాజులు పోయిరి, రాజరక్ష పోలేదు.) హైకోర్టు ఇప్పించిన 1,44,000 రూపాయలను సుప్రీంకోర్టు 2000 ఏప్రిల్ 26న ఖాయపఱచెను, నడుమ గడచినవి దాదాపు 23 ఏండ్లు.